మిఠాయి నేర్పిన పాఠం

తీపి వలన పళ్లు పుచ్చుతాయని నేడు పసివారికి సైతం తెలుసు. అది రుజువైన తీరు మాత్రం కొద్దిమందే ఎరుగుదురు.

స్వీడన్‌లోని లుండ్ నగరంలో వీపెహోల్మ్ ఆస్పత్రి ఒకప్పుడు మానసిక వైకల్యం గలవారికి ఆశ్రయంగా ఉండేది. 1940ల చివర పరిశోధకులు వారి సమ్మతి లేకుండానే, పంటికి అంటుకునే టాఫీలను భోజనాల నడుమ తినిపించారు. ఎందరి పళ్లో పుచ్చిపోయాయి. 1954లో వెలువడిన ఫలితాల సారమిది: భోజనంతో తిన్న తీపి వలన కీడు స్వల్పం, మధ్యమధ్య తిన్న జిగురు తీపి వలన కీడు అపారం. తిన్న ప్రతిసారీ నోటి సూక్ష్మజీవులు ఆమ్లాన్ని పుట్టిస్తాయి. దానిని విరిచేందుకు లాలాజలానికి వ్యవధి కావాలి.

కనుక తీపిని భోజనంతోనే ముగించండి. గడియకోసారి చక్కెర టీ మానండి. ఆ నిస్సహాయులు చెల్లించిన మూల్యాన్ని మనం వృథా చేయరాదు.