హక్కు, అనుమతి, నిత్యచింత: ఆయుధ చట్టాల వెలుగులో తుపాకి లైసెన్సుదారు (1878–2019)

ప్రవేశిక

తెలుగునాట తుపాకి మాట రాగానే చరిత్ర పాఠకునికి రెండు మూడు దృశ్యాలు స్ఫురిస్తాయి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై అల్లూరి సీతారామరాజు దళం చేసిన దాడులు వాటిలో మొదటివి. 1946–51 నడుమ తెలంగాణ సాయుధ పోరాటంలో వడిసెలల సరసన చేరిన బర్మార్లు తరువాతివి. ఈ దృశ్యాలన్నిటా తుపాకి ధిక్కారానికి గుర్తు. ఇంటి బీరువాలో తాళం కింద ఉండి, నూనె గుడ్డతో శుభ్రపడుతూ, గడువు తీరినప్పుడల్లా యజమానిని కలెక్టరు కచేరీ మెట్లెక్కించే తుపాకి మాత్రం చరిత్ర రచనలో చోటు దక్కించుకోలేదు. చట్టానికి లోబడినవాడు చట్టం ముందు నిలబడిన తీరును ఎవరూ పట్టించుకోలేదు.

వేట కోసమో, గురి సాధన కోసమో, తాతల జ్ఞాపకంగానో తుపాకి ఉంచుకొన్న సామాన్య గృహస్థు అడిగే ప్రశ్నలు చాలా చిన్నవి. లైసెన్సు ఎవరిస్తారు? ఎన్ని తుపాకులు ఉంచుకోవచ్చు? తూటాలు ఎన్ని కొనవచ్చు? తండ్రి గతిస్తే తుపాకి ఎవరిది? ఎన్నికలు వస్తే దానిని ఎక్కడ అప్పగించాలి? ఇవి కచేరీ గుమాస్తా బల్ల దగ్గర వినిపించే మాటలేనని తోసిపుచ్చవచ్చు. అయితే వీటిలో ప్రతి ప్రశ్నకూ ఒక పుట్టిన కాలం ఉన్నది. ఆ కాలాలను వరుసగా పేర్చి చూస్తే పౌరునికీ రాజ్యానికీ నడుమ నమ్మకం ఎలా పెరిగి తరిగిందో తెలుస్తుంది. ఆ క్రమాన్ని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

నిరాయుధీకరణ: లైసెన్సు పుట్టుక

1857 తిరుగుబాటు వెనువెంటనే ఆ ఏడే, తిరిగి 1860లో, ఆయుధాలను అదుపు చేసే శాసనాలు వెలువడ్డాయి. వాటికి స్థిరరూపం ఇచ్చినది వైస్రాయి లిట్టన్ కాలంలో వచ్చిన 1878 నాటి 11వ చట్టం. దేశభాషా పత్రికల నోరు కట్టిన శాసనం కూడా ఆ ఏటిదే. పత్రికల శాసనాన్ని రిప్పన్ కాలంలో రద్దు చేశారు. ఆయుధ శాసనం మాత్రం ఎనిమిది దశాబ్దాలు నిలిచింది. మాటకంటె తుపాకి విషయంలోనే పాలకులకు భయం ఎక్కువని చెప్పడానికి ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు.

ఈ చట్టం తుపాకిని నిషేధించలేదు. దానిని అనుమతి కిందికి తెచ్చింది. ఐరోపా జాతీయులకు మినహాయింపు లభించింది. తక్కిన ప్రజలు లైసెన్సు పొందవలసి వచ్చింది. ఒకే అడవిలో ఒకే మృగాన్ని వేటాడే ఇద్దరిలో ఒకనికి అది వినోదం, మరొకనికి అనుమతి లేకపోతే నేరం. శేషాచల ప్రాంతపు చామల లోయ కెన్నెత్ ఆండర్సన్ వేట కథల ద్వారా ఆంగ్ల పాఠకలోకానికి పరిచయమైంది. అదే లోయలో చేనుకు కాపలా కాసిన రైతు తుపాకి గురించి అలాంటి కథ లేదు. అభిరుచి అన్న మాటకు ఆనాడు జాతిభేదం ఉండేదని దీనివలన గ్రహించవచ్చు. జాతిని బట్టి ఇచ్చిన ఈ మినహాయింపులు 1920 ప్రాంతపు నియమావళితో తొలగినా, తుపాకి పాలకుల అనుగ్రహమన్న భావన తొలగలేదు.

చట్టం వచ్చిన మరుసటి ఏడే, అంటే 1879లో, గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు చెలరేగింది. దాని కారణాలు కల్లు పన్ను, మన్సబుదారు దోపిడి వంటివి. ఆయుధ చట్టం కాదు. అయినా లైసెన్సు కోరి వచ్చిన ప్రతి మనిషిలోనూ కాబోయే తిరుగుబాటుదారుని చూసే దృష్టికి ఇటువంటి ఘటనలు బలం చేకూర్చాయనడం అసమంజసం కాదు.

హక్కుగా కోరిన కాలం

1887లో మద్రాసులో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన సమావేశమైన మూడవ కాంగ్రెసు ఆయుధ చట్టాన్ని సడలించాలని కోరింది. నలభై ఏళ్లు దాటిన తరువాత, 1930 జనవరిలో గాంధీజీ వైస్రాయి ముందుంచిన పదకొండు కోర్కెలలో ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు, వాటిపై ప్రజల అదుపు ఒకటి. ఉప్పు పన్ను రద్దు కూడా ఆ జాబితాలోనిదే. అహింసా వ్రతి తుపాకి లైసెన్సు కోరడంలో వైరుధ్యం కనిపించవచ్చు. కాని ఆయుధం ఉండి వాడకపోవడానికీ, ఆయుధం లాగివేయబడి వాడలేకపోవడానికీ నైతికంగా భేదం ఉన్నది. మొదటిది నిగ్రహం, రెండవది నిస్సహాయత. ఆ కోర్కెను ఈ భేదం వెలుగులో చదివితే వైరుధ్యం తొలగుతుంది.

1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానం మరొక అడుగు ముందుకు వేసింది. నియమాలకు లోబడి ఆయుధం ధరించడాన్ని పౌరుని హక్కుగా పేర్కొన్నది. ఈ హక్కును రాజ్యాంగంలోకి తీసుకొనిరావాలని 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించారు. అంబేద్కర్ అంగీకరించలేదు, సవరణ వీగిపోయింది.

పదిహేడేళ్లలో వచ్చిన ఈ మార్పును మాట తప్పడంగా మాత్రమే చదవడం చరిత్రకు న్యాయం కాదు. 1931లో రాజ్యం పరాయిది. 1948లో రాజ్యం స్వకీయం. నడుమ దేశవిభజన నాటి మారణకాండ జరిగింది. ఆ ఏటి జనవరిలోనే గాంధీజీ పిస్తోలు గుండ్లకు నేలకొరిగారు. తెలంగాణలో సాయుధ పోరు సాగుతూనే ఉన్నది. పౌరులందరికీ హక్కుగా ఇస్తే నేరచరితుని వద్దనడానికి రాజ్యానికి ఆధారం బలహీనపడుతుందన్న ఆలోచనకు ఆనాటి పరిస్థితులే బలమిచ్చాయి. కనుక ఆయుధం హక్కుల అధ్యాయంలో చేరక, సాధారణ శాసనానికే మిగిలిపోయింది. లైసెన్సుదారుని తరువాతి చింతలన్నిటికీ మూలం ఈ నిర్ణయంలో ఉన్నది.

1959: ఔదార్యం, దాని హద్దులు

1878 శాసనం జాతి యావత్తునూ నిరాయుధం చేయడానికి ఉద్దేశించినదని కొత్త చట్టపు లక్ష్యప్రకటన ఒప్పుకొన్నది. 1959 నాటి 54వ చట్టం 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. పరిశోధకులు దీనిలో రెండు నిబంధనలను ప్రత్యేకంగా గమనించాలి.

మొదటిది 13వ సెక్షనులోనిది. రక్షణకో, క్రీడకో ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం గల నునుపు లోపలి తుపాకిని కోరినవారికీ, పైరు కాపాడుకోవడానికి మందు దట్టించే నాటు తుపాకిని కోరినవారికీ తక్కిన నిబంధనలకు లోబడి లైసెన్సు ఇవ్వవలసినదేనని అది విధించింది. రైఫిలు, రివాల్వరు వంటి వాటికి మాత్రం తగిన కారణం చూపాలి. చట్టం దృష్టిలో అడవి పందుల నుంచి వేరుశనగ చేనును కాచే రైతు అవసరం సందేహించదగినది కాదు.

రెండవది 14వ సెక్షనులోనిది. అర్జీదారుకు చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని అది శాసించింది. ఒక నిషేధం చట్టంలోకి ఎక్కిందంటే ఆ నిషేధించిన ఆచారం లోకంలో ఉన్నదనే అర్థం. తుపాకి భూస్వామి ఇంటి అలంకారంగా ఉండిన కాలానికి ఈ చిన్న వాక్యం సాక్ష్యం. నిరాకరిస్తే కారణాలను రాతలో నమోదు చేయాలనీ, ప్రజాహితానికి భంగం కానంతవరకు వాటిని అర్జీదారుకు తెలపాలనీ, నిరాకరణపై అప్పీలుకు వీలుండాలనీ చట్టం చెప్పింది. హక్కు కాకపోయినా, అడిగినవానికి జవాబు పొందే అర్హత కలిగింది. ఇది స్వల్పమైన మార్పు కాదు.

వేట నుంచి గురికి

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అభిరుచి స్వరూపాన్నే మార్చింది. 1991 సవరణతో వేట లైసెన్సుల విధానం దాదాపు పూర్తిగా అంతరించింది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల నివసించే లైసెన్సుదారులు తమ ఆయుధాలను అటవీ శాఖ వద్ద కూడా నమోదు చేయించుకోవాలన్న నియమం ఏర్పడింది. నల్లమల అంచున ఉన్న గృహస్థుకు దీనితో రెండు కచేరీలు ఏర్పడ్డాయి. తాత గోడకు తగిలించిన దుప్పి కొమ్ములు సైతం చట్టం లెక్క అడిగే వస్తువులయ్యాయి.

వేట పోయిన చోట గురి నిలిచింది. 1951లో స్పీకరు మావలంకర్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం ఆ మార్పుకు ఆధారమైంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యం సాధించినది పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరును, 20 జౌళ్ల శక్తిని మించని గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. కొత్త తరం అభిరుచికి ఈ వెసులుబాటు తొలి మెట్టు.

సంఖ్య, వారసత్వం, అప్పగింత

పంజాబు అశాంతి నేపథ్యంలో వచ్చిన 1983 సవరణ ఒక వ్యక్తి వద్ద మూడు తుపాకులకు మించి ఉండరాదన్నది. ఆ దశాబ్దంలోనే సామాన్యుల దిగుమతులు ఆగిపోయాయి. దేశీయ కర్మాగారాల .315 రైఫిలు, .32 రివాల్వరు, పన్నెండు బోరు తుపాకి మిగిలాయి. పాత విదేశీ జంటగొట్టాల తుపాకి దానితో వస్తువు స్థాయిని దాటి వారసత్వ సంపద అయింది.

2019 సవరణ బిల్లు తుపాకుల సంఖ్యను ఒకటికి తగ్గించదలచింది. అభ్యంతరాల పిమ్మట రెండుగా స్థిరపడింది. మూడు ఉన్నవారు అదనపు దానిని ఏడాదిలో అప్పగించాలి. వారసత్వంగా వచ్చే తుపాకికీ ఈ పరిమితి వర్తిస్తుంది. ఇద్దరు అన్నదమ్ములు పొలం పంచుకోగలరు, తండ్రి తుపాకిని మాత్రం లైసెన్సు లేక తాకలేరు. అదే సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. పెళ్ళి ఊరేగింపులలో గాలిలోకి పేల్చడం వంటి చర్యలకు రెండేళ్ల వరకు జైలుశిక్ష నిర్దేశించింది. నిర్లక్ష్యపు వేడుక కాల్పులు ప్రాణాలు తీయగలవు గనుక ఈ కాఠిన్యాన్ని బాధ్యత గల లైసెన్సుదారు తప్పుపట్టడు.

ఎన్నికల వేళ ఠాణాలో అప్పగింత అన్నిటికంటె ఎక్కువ మనస్తాపం కలిగించే అంశం. తుపాకిని ఇచ్చి రసీదు పుచ్చుకొని, ఫలితాల తరువాత తుప్పుమరకలు చూసుకొంటూ తెచ్చుకోవడం అతని అనుభవం. ఓటరుగా అతడు సార్వభౌముడు. అదే వారంలో లైసెన్సుదారుగా అనుమానితుడు. ప్రజాస్వామ్యం ఈ రెండు ముఖాలనూ ఒకే మనిషికి తగిలించింది.

ఒక పోలిక

కొడగు వాసులకు 1861 నుంచి ఉన్న మినహాయింపు ఇక్కడ స్మరణీయం. కొడవలు, అక్కడి జమ్మా భూములు గలవారు లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవచ్చు; ఈ మినహాయింపును 2019లో మరి పదేళ్లకు పొడిగించారు. కైల్‌పోళ్దు పండుగనాడు వారు ఆయుధాలను పూజిస్తారు. తెలుగునాట దసరా ఆయుధపూజలో కత్తి, కొడవలి, నాగలి, నేడు మోటారు వాహనం కనిపిస్తాయి. అక్కడ తుపాకి ఆచారంలో భాగం. ఇక్కడ దస్తావేజులో భాగం. ఈ భేదం విధేయతకు వలస పాలకులు ఇచ్చిన బహుమానం నుంచి పుట్టినదే గాని ఆయా ప్రజల స్వభావం నుంచి పుట్టినది కాదు.

ఉపసంహారం

పై చర్చను బట్టి మూడు విషయాలు తేలుతున్నాయి. లైసెన్సు పరాయి పాలకుల భయం నుంచి పుట్టింది. స్వతంత్ర భారతం దానిని రద్దు చేయక సంస్కరించింది. ఆస్తి భేదాన్ని తొలగించి, కారణం చెప్పే బాధ్యతను అధికారికి అప్పగించింది. 1983 తరువాత భద్రతా చింత తిరిగి పైచేయి సాధించింది.

ఈ పరిణామాన్ని స్వేచ్ఛ నుంచి పతనంగా గాని, అనాగరికత నుంచి ప్రగతిగా గాని ఏకముఖంగా చిత్రించడం సరికాదు. పొరుగువాని ప్రాణభద్రత ఎంత నిజమో, నియమం తప్పని పౌరుడు గౌరవంగా జవాబు పొందాలన్నదీ అంతే నిజం. 1887లో మద్రాసు సభ కోరిన దానిలో తుపాకి కంటె ఈ గౌరవమే ముఖ్యం. రంప కొండల ఠాణాలలోని తుపాకుల లెక్కను చరిత్రకారులు శ్రద్ధగా రాశారు. కలెక్టరు కచేరీల పాత లైసెన్సు దస్త్రాలలో నిరాకరణకు చూపిన కారణాలను కూడా అంతే శ్రద్ధగా చదివితే, రాజ్యం తన ప్రజలలో ఎవరిని నమ్మిందో, ఎవరిని నమ్మలేదో జిల్లాల వారీగా బయటపడుతుంది. ఆ పని తెలుగు పరిశోధకుల కోసం ఎదురుచూస్తున్నది.