పామర్రు కూడలికి కారొచ్చిన దారి

గుడివాడ రోడ్డు బందరు–విజయవాడ హైవేను కలిసే చోటు పామర్రు. ఈ కూడలిలో తిరిగే కార్ల వెనక పెద్ద చరిత్రే ఉంది.

1953లో, దేశంలోనే తయారీ చేపట్టని కంపెనీలకు కేంద్రం తలుపులు మూసింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్లిపోయాయి. తర్వాత అంబాసిడర్, ఫియట్‌ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపులే. పాత బండ్లకు ఆయుష్షు పోసింది విజయవాడ ఆటోనగర్ మెకానిక్కులు.

1993లో కార్ల తయారీకి లైసెన్సు రద్దయింది. 2001లో దిగుమతులకు షరతులతో దారి తెరిచారు: వాడిన కారు వయసు మూడేళ్లు దాటకూడదు, స్టీరింగు కుడివైపే ఉండాలి.

డీలర్లతో తగాదాలు మాత్రం ఆగలేదు. గోవాలో 2011లో అమ్మిన కారు 2009 మోడల్ అన్న వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. తనకు తెలిసి జరిగిందని రుజువైతే తప్ప డీలర్ తప్పుకు కంపెనీ బాధ్యురాలు కాదని 2021లో తీర్పొచ్చింది. కాబట్టి డబ్బు కట్టేముందు ఛాసిస్ నంబరు, తయారైన నెల, సంవత్సరం మీరే సరిచూసుకోండి.