వల మరిచిన నల్లచెరువు

హైదరాబాద్‌లో వరంగల్ రహదారి పక్కన ఉప్పల్ నల్లచెరువులో ఇప్పటికీ నీళ్లున్నాయి. హెచ్ఎంటీ నగర్ పక్కన నాచారం పెద్దచెరువులోనూ ఉన్నాయి. పోయింది నీళ్లు కాదు, ఆ నీళ్లలోని ప్రాణం. ఎండిన చెరువును చూస్తే ఊరు ఏడుస్తుంది. నిండుగా ఉండి చచ్చిన చెరువు కోసం ఏడ్చేవాళ్లే లేకపోయారు.

ఉప్పల్, నాచారం ఊళ్లుగా ఉన్న కాలంలో చెరువు నిండిందంటే పొలానికి తడి, వలకు పని. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు వాగు పట్టి కింది చెరువుకు, అక్కడి నుంచి మూసీకి చేరేది. తొలకరి వరద రాగానే చేపలు ఆ పారకానికి ఎదురెక్కేవి. ఒడ్డున గడ్డి చాటున కొర్రమీను గూడు కట్టుకునేది. ఎర్రటి పిల్లల గుంపు నీటిపైకి తేలితే, కింద పెద్ద చేప కాపలా ఉండేది. గంగపుత్రులకు, ముదిరాజులకు చెరువే చేను. విత్తు విడిచిపెట్టాలని, తల్లి చేపను మిగల్చాలని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. మరుసటి ఏడు కూడా అదే నీటిలో వల వేసి బతకాలి కదా!

తర్వాత నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడలు వచ్చాయి. వాటి చుట్టూ కాలనీలు వచ్చాయి. వానకాలంలో పారే వాగులు ఏడాది పొడవునా పారే మురుగు కాల్వలయ్యాయి. చెరువు నీరు నిలిచే శిఖం భూముల్లో ఇళ్లు లేచాయి. 2007లో ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ మహానగరంలో కలిసేనాటికే చెరువుల పని మారిపోయింది. సాగునీటిని ఆపాల్సిన కట్టలు మురుగును ఆపుతున్నాయి.

మురుగుతో చేప ఒక్కసారిగా చావదు. ఊపిరాడక చస్తుంది. మురుగులోని నత్రజని, భాస్వరం తిని నాచు, గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతాయి. రాత్రిళ్లు నాచూ, కుళ్లూ కలిసి నీటిలోని ప్రాణవాయువును లాగేస్తాయి. బొచ్చె, రవ్వ ఆరోగ్యంగా పెరగాలంటే లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల దాకా ప్రాణవాయువు కావాలి. 2 మిల్లీగ్రాములకు పడిపోతే తెల్లవారుజామున పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఎండల తర్వాత తొలివాన పడి అడుగు బురద కదిలితే అదీ దక్కదు. ఒకప్పుడు చేపకు పెళ్లి కబురు తెచ్చిన తొలకరి, ఇప్పుడు చావు కబురు తెస్తోంది.

ఇలాంటి నీటిలో చివరిదాకా నిలిచేవి నేరుగా గాలి పీల్చగలిగే చేపలు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అలాంటిదే. మిగతా చేపల్ని మింగుతుందనే 2000లో కేంద్రం దాని పెంపకాన్ని నిషేధించింది. కొర్రమీనుకూ గాలి పీల్చే శక్తి ఉంది. కానీ గూడు కట్టుకునే గడ్డి ఒడ్డు లేనిచోట అది సంతతిని నిలుపుకోలేదు. ఆ కొర్రమీనే తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపమందుకు వాడేదీ దాని పిల్లనే.

నగరం చేప తినడం మానలేదు. రాంనగర్ మార్కెట్‌కు కోస్తా జిల్లాల చెరువుల నుంచి లారీల్లో చేపలు వస్తాయి. ఆ పెంపకానికీ ఒక సరస్సు మూల్యం చెల్లించింది. 1999లో అభయారణ్యమైన కొల్లేరును చేపల గట్లు కమ్మేస్తే, 2006లో వాటిని కూల్చాల్సి వచ్చింది. మన చెరువును చంపుకొని పొరుగు సరస్సు మీద బరువు వేశాం.

చేసిన ప్రయత్నాలు లేకపోలేదు. నల్లచెరువు దగ్గర రోజుకు 3 కోట్ల లీటర్ల మురుగును శుద్ధిచేసే కేంద్రం కట్టారు. 2016 నుంచి రాష్ట్రమంతటా చెరువుల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదిలారు. 2024లో ఏర్పడ్డ ప్రభుత్వ సంస్థ హైడ్రా, తొలి విడతలో బాగుచేయాలనుకున్న చెరువుల్లో ఉప్పల్ నల్లచెరువునూ చేర్చింది. అయితే ఊపిరాడని నీటిలో పిల్లల్ని వదలడం మత్స్యసంపద పెంచడం కాదు, వాటిని చావుకు పంపడమే. చుట్టూ కాంక్రీటు కట్టి, నడకబాట వేసి, లోపలికి మురుగును వదిలితే అది చెరువూ కాదు.

ముందు మురుగు కాల్వను మళ్లించాలి. వాననీటి దారి తెరవాలి. ఒడ్డున కొంత మేర గడ్డిని, బురదను అలాగే వదలాలి. ఆ తర్వాతే చేపపిల్ల. ఈ పనుల్లో గంగపుత్రుల, ముదిరాజుల మాటకు చోటుండాలి, ఎందుకంటే చెరువు బాగుంటేనే వాళ్ల బతుకు బాగుంటుంది. ఉప్పల్, నాచారం వాసులారా, మీ చెరువు బాగుపడిందని చెప్పే అధికారి మాట వినండి. కానీ అక్కడ పుట్టి పెరిగిన చేప వలలో పడేదాకా ఆ మాట నమ్మకండి.