హ్యాకింతోష్‌లో ఎక్స్‌కోడ్ వాడుతున్నారా? ముందు ఈ విషయాలు తెలుసుకోండి

ఐఫోన్ యాప్ తయారు చేయాలంటే ఎక్స్‌కోడ్ కావాలి. ఐఓఎస్ ఎస్‌డీకే దాంతోనే వస్తుంది. ఎక్స్‌కోడ్ నడవాలంటే మ్యాక్‌ఓఎస్ కావాలి. చాలామంది స్టూడెంట్స్, ఫ్రీలాన్సర్ల దగ్గర ఉండేది మాత్రం విండోస్ ల్యాప్‌టాప్. అందుకే మామూలు పీసీలోనే ఓపెన్‌కోర్ లాంటి బూట్‌లోడర్‌తో మ్యాక్‌ఓఎస్ ఎక్కించేస్తుంటారు. దీన్నే హ్యాకింతోష్ అంటారు.

మరి ఇది చట్టబద్ధమేనా? ఆపిల్ లైసెన్స్ అయితే ఒప్పుకోదు. ఆపిల్ బ్రాండ్ లేని కంప్యూటర్లో మ్యాక్‌ఓఎస్ ఇన్‌స్టాల్ చేయకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఇన్‌స్టాల్ చేసుకునేలా వేరేవాళ్లకు సాయం చేయకూడదని కూడా ఉంది. వర్చువల్ మెషీన్‌కి అనుమతి ఉన్నా, అది కూడా అసలు మ్యాక్ మీదే నడవాలి. విండోస్‌లో వీఎంవేర్ పెట్టి నడిపితే చెల్లదు.

దీనిపై అమెరికాలో పెద్ద కేసే నడిచింది. ఫ్లోరిడాకు చెందిన సైస్టార్ అనే కంపెనీ 2008లో మ్యాక్‌ఓఎస్ వేసిన పీసీలు అమ్మింది. ఓఎస్ కాపీ డబ్బులు పెట్టి కొని, దాన్ని కూడా పీసీతో పాటే ఇచ్చేది. అయినా 2009లో కోర్టు ఆపిల్ వైపే తీర్పు ఇచ్చింది. 2011లో అప్పీల్ కోర్టు కూడా సైస్టార్ వాదన కొట్టేసింది. అంటే ఓఎస్ కొన్నాం కదా, ఎక్కడైనా వేసుకుంటాం అనే మాట అక్కడ నిలబడలేదు. మన దేశంలోనూ కాపీరైట్ చట్టం సెక్షన్ 65ఏ ఉంది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో టెక్నికల్ రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా పడొచ్చు.

సైస్టార్ పీసీలు అమ్మిన కంపెనీ. ఇంట్లో కూర్చుని నేర్చుకునే స్టూడెంట్ పరిస్థితి వేరు. కానీ క్లయింట్ దగ్గర డబ్బులు తీసుకుని యాప్ చేస్తుంటే మాత్రం జాగ్రత్త. లైసెన్స్ ఉన్న టూల్సే వాడతామని కాంట్రాక్టులో సంతకం పెట్టి ఉంటే, రేపు తేడా వస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

అసలు భయపడాల్సింది సెక్యూరిటీ గురించి. ఎవరో తయారు చేసి నెట్‌లో పెట్టిన రెడీమేడ్ మ్యాక్‌ఓఎస్ ఇమేజ్ వేసుకుంటే అందులో ఏముందో తెలీదు. యాప్ సైనింగ్‌కి వాడే ప్రైవేట్ కీ అదే మెషీన్లో ఉంటుంది. అది బయటికి పోతే మీ పేరుతో ఇంకెవరైనా యాప్ సైన్ చేయొచ్చు. సొంత యాప్ అయితే సరే, క్లయింట్ అకౌంట్ అయితే?

ఇక ఈ దారి ఎంతోకాలం ఉండేలా కూడా లేదు. ఇంటెల్ మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ 26 టాహోనే చివరిదని ఆపిల్ 2025 జూన్‌లో చెప్పేసింది. హ్యాకింతోష్ బతికిందే ఇంటెల్ వెర్షన్ మీద. మరోవైపు యాప్ స్టోర్‌కి కొత్త ఎస్‌డీకే తప్పనిసరి అవుతూనే ఉంది. 2025 ఏప్రిల్ నుంచి ఎక్స్‌కోడ్ 16, 2026 ఏప్రిల్ నుంచి ఎక్స్‌కోడ్ 26 అడుగుతోంది. కొత్త ఎక్స్‌కోడ్‌కి కొత్త మ్యాక్‌ఓఎస్ కావాలి. ఈ లెక్కన పాత పీసీలో చేసిన బిల్డ్ అప్‌లోడ్ దగ్గరే ఆగిపోయే రోజు వస్తుంది.

కొనే స్తోమత లేకపోతే? ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ కోడ్ విండోస్‌లోనే రాసుకోవచ్చు. ఐఓఎస్ బిల్డ్ వరకు గిట్‌హబ్ యాక్షన్స్, కోడ్‌మ్యాజిక్ లాంటి సర్వీసుల్లోని క్లౌడ్ మ్యాక్‌లు వాడుకుంటే చాలు. ఏడాదికి 99 డాలర్ల డెవలపర్ మెంబర్‌షిప్ ఉంటే ఎక్స్‌కోడ్ క్లౌడ్‌లో నెలకు 25 గంటలు అందులోనే వస్తాయి. సెకండ్ హ్యాండ్ మ్యాక్ మినీ కూడా చూడొచ్చు. కానీ ఎం1 లేదా ఆ తర్వాతి చిప్ ఉన్నదే తీసుకోండి, చవగ్గా వస్తోందని ఇంటెల్ మోడల్ జోలికి వెళ్లొద్దు.