పెరట్లో కోళ్లున్నాయా? ఎలుకల మందు పెట్టే ముందు, చెదల మందు కొట్టే ముందు ఇవి తెలుసుకోండి!

పటాన్‌చెరు, ఇస్నాపూర్, ముత్తంగి, రుద్రారం.. పేరుకు పారిశ్రామిక ప్రాంతాలే. కానీ కాలనీల్లో సందు సందుకూ కోడి కూత వినిపిస్తుంది. షిఫ్ట్ డ్యూటీకి వెళ్లేవాళ్ల ఇళ్లలోనూ నాలుగు నాటు కోళ్లు, ఒక పుంజు ఉండటం మామూలే. ఇంటి గుడ్డు పిల్లలకు బలం, పండగకు కోడి కొనే పని ఉండదు. అంతా బాగానే ఉంది కానీ, కోళ్ల వెనకాలే ఎలుకలు, పందికొక్కులు, చీమలు, గోమార్లు కూడా వస్తాయి. వాటి కోసం పెట్టిన మందు చివరికి కోడి కడుపులోకి, అక్కడి నుంచి గుడ్డులోకి చేరితే? అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

నూకల్లోనే విషం.. కోడికి తేడా తెలియదు

పొలాల్లో, ఇళ్లలో ఎలుకలకు వాడే పాత మందు జింక్ ఫాస్ఫైడ్. దీని ఎరలో నూటికి 96 పాళ్లు నూకలే ఉంటాయి. 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు. అంటే కోడికి రోజూ వేసే మేత, ఎలుకకు పెట్టే ఎర చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కడుపులోని ఆమ్లం తగలగానే ఈ మందు నుంచి ఫాస్ఫిన్ అనే విష వాయువు పుడుతుంది. దీనికి విరుగుడు లేదు. కోడి గంటల్లోనే చనిపోవచ్చు.

మరి కేకుల రూపంలో దొరికే బ్రోమాడియోలోన్ సంగతేంటి? ఇది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు నీరసంగా తిరుగుతుంది. అలాంటి చిట్టెలుక కోడికి ఈజీగా దొరుకుతుంది. కోళ్లు చిట్టెలుకలను పొడిచి తింటాయన్న విషయం చాలామందికి తెలియదు. అలా మందు రెండో చేయి మీదుగా కోడికి చేరుతుంది. ఈ రకం మందుల అవశేషాలు గుడ్డులోకి కూడా వెళ్తాయి. దీనికి విటమిన్ కే1 విరుగుడుగా పనిచేస్తుంది కానీ, డాక్టర్ చేతుల మీదుగానే ఇప్పించాలి.

అందుకే కోళ్లున్న ఇంట్లో ముందు బోను, ఆ తర్వాతే మందు. బోనును కూడా కోడి తల దూరని పెట్టెలో పెట్టాలి. జిగురు అట్టలు పెడితే ఎలుక కన్నా ముందు కోడిపిల్లలే అతుక్కుంటాయి. మందు తప్పనిసరైతే విడిగా చల్లకూడదు. తాళం వేసే ఎర పెట్టెలో, కేకు కదలకుండా తీగకు గుచ్చి, కోళ్లు తిరగని చోట పెట్టాలి. రోజూ పొద్దున్నే చచ్చిన ఎలుకల కోసం వెతికి, చేతికి కవర్ తొడుక్కుని తీసి లోతుగా పాతిపెట్టాలి.

ఎలుక ఎందుకొస్తోంది?

మేత కోసమే. ఈ ఒక్కటి ఆపితే సగం పని అయిపోయినట్టే.

* సాయంత్రం కోళ్లు గూటికి చేరగానే మిగిలిన మేత తీసేయాలి. నేల మీద చల్లిన నూకలు రాత్రికి ఎలుకలకు విందే.
* మేత బస్తాలో కాదు, మూత గట్టిగా పడే రేకు డబ్బాలో దాచాలి.
* మామూలు కోళ్ల జాలి ఎలుకను ఆపదు. అర అంగుళం కన్నా చిన్న కన్నాలున్న వెల్డెడ్ జాలి కావాలి. గూటి చుట్టూ జాలిని అడుగు లోతు వరకు మట్టిలో పాతితే పందికొక్కు తవ్వుకుని రాలేదు.
* గుడ్లు ఏ రోజువి ఆ రోజే తీసేయాలి. గుడ్లు, ఎలుకలు రెండూ ఉన్నచోటికి పాము వస్తుంది.

పాము కనిపిస్తే కర్ర పట్టుకోవద్దు. ఎలుకల కోసం వచ్చే జెర్రిపోతుకు విషం ఉండదు, పైగా పాములను చంపడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాలంటీర్లు పాములను పట్టి తీసుకెళ్తారు. పాములు రావని గూడు చుట్టూ నాఫ్తలీన్ గోళీలు వేయడం దండగ. వాటిని కోడి పొడిస్తే ఇంకో సమస్య.

చెదలు.. కోడికి మేతా? విషమా?

ఊళ్లలో చెదల పుట్ట తవ్వి కోడిపిల్లలకు వేయడం పాత అలవాటే. మాంసకృత్తులు పుష్కలంగా ఉండే మేత అది. ఇంటి గోడల చెదలకు మందు కొట్టించినప్పుడు మాత్రం అదే అలవాటు ప్రాణం తీస్తుంది. దీనికి ఎక్కువగా వాడేవి క్లోర్‌పైరిఫాస్, ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్. మందు తాగి బయటికొచ్చిన చెదలను కోళ్లు వరుసపెట్టి ఏరుకుని తింటాయి. తడి మట్టిని కెలుకుతాయి. కాబట్టి చెదల ట్రీట్‌మెంట్‌కు ముందే కోళ్లను వేరే ఇంటికి పంపాలి. ట్రీట్‌మెంట్ చేసిన మట్టి పట్టీ మీద సిమెంట్ గానీ బండలు గానీ వేసి కప్పేయాలి. అక్కడ కోడి గోకే వీలు ఉండకూడదు.

గోమార్లకు బూడిద, సున్నం.. పాత వైద్యమే గట్టిది

కోడి తాజ్ తెల్లబడి, గుడ్లు తగ్గి, నీరసంగా ఉందా? రాత్రిపూట మొబైల్ టార్చ్‌తో గూటి పగుళ్లు చూడండి. కోడి గోమార్లు పగలు పగుళ్లలో దాక్కుంటాయి, రాత్రి బయటికొచ్చి రక్తం తాగుతాయి. తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే కోడికి మందు రాసి గూటిని వదిలేస్తే ఫలితం ఉండదు. పగుళ్లు సిమెంట్‌తో పూడ్చాలి. లోపలంతా సున్నం కొట్టాలి. పాత చెక్కలు, గోనె పట్టాలు కాల్చేయాలి. కోళ్లు పొర్లాడటానికి పొడి మట్టి, కట్టెల పొయ్యి బూడిద కలిపిన గుంత పెట్టాలి. స్ప్రే అవసరమైతే ఏది, ఎంత అన్నది పశువైద్యుడే చెప్పాలి. కొట్టేటప్పుడు కోళ్లు బయట ఉండాలి, గూడు పూర్తిగా ఆరాకే లోపలికి వదలాలి.

ఇందులో తేడా వస్తే ఏమవుతుందో 2017లో యూరప్ చూసింది. నెదర్లాండ్స్, బెల్జియంలలో కోళ్ల షెడ్లలో నల్లులాంటి ఎర్ర పురుగును చంపడానికి అనుమతి లేని ఫిప్రోనిల్ వాడారు. అది గుడ్లలోకి చేరింది. లక్షల కొద్దీ గుడ్లను మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించి పారబోయాల్సి వచ్చింది. మన దగ్గర పెరటి గుడ్డుకు టెస్ట్ చేసేవాళ్లు ఉండరు. దాన్ని తినేది ఇంట్లో పిల్లలే.

చీమలకు కూడా అంతే. చాక్‌పీసు గీతల్లో, పొడుల్లో ఉండేది పురుగుమందే. గూటి కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. బయట పుట్టలో మరిగే నీళ్లు పోస్తే చాలు.

షాపులో ఇవి ఇస్తే తీసుకోవద్దు

ఫోరేట్ గుళికలు, డైక్లోర్‌వాస్.. ఈ రెండింటినీ దేశంలో 2020 డిసెంబర్ 31 నుంచి పూర్తిగా నిషేధించారు. లిండేన్ వాడకంపై 2013 నుంచి నిషేధం ఉంది. అయినా ‘గమాక్సిన్ పొడి’ అని అడిగే అలవాటు పోలేదు. గుళికలు మరీ డేంజర్. కోడి వాటిని గింజలనో, ఇసుక రేణువులనో అనుకుని మింగేస్తుంది.

ఏ మందు కొన్నా డబ్బాపై డైమండ్ ఆకారపు గుర్తు చూడాలి. కింది సగం ఎరుపైతే అత్యంత విషం. పసుపు తీవ్ర విషం. నీలం ఓ మోస్తరు. ఆకుపచ్చ తక్కువ. ఆకుపచ్చ అన్నా విషం కాదని అర్థం కాదు.

పటాన్‌చెరు వాసులకు రెండు అదనపు జాగ్రత్తలు

ఒకటి, బూడిద. ఫ్యాక్టరీ బాయిలర్ బూడిద వద్దు. అందులో భార లోహాలు ఉండొచ్చు. ఇంటి కట్టెల బూడిదే వాడాలి. రెండు, డ్రమ్ములు. కెమికల్ వచ్చిన ఖాళీ డ్రమ్ములను కోసి నీళ్ల తొట్టిగానో, గూడుగానో చేయొద్దు. ఎంత కడిగినా ప్లాస్టిక్ పీల్చుకున్నది పోదు. కాలువల వెంట కోళ్లను వదలడమూ మంచిది కాదు. ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనం ప్రపంచమంతా చర్చకు దారితీసింది.

మందు లేకుండా పురుగు పోతుందా? పోతుంది. కంది చెట్లను మెల్లగా ఊపి, కాయతొలుచు పురుగులను కింద పరిచిన పట్టా మీద రాల్చడం మన రైతుల పాత పద్ధతి. పటాన్‌చెరులోనే ఉన్న ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కూడా దాన్ని ప్రోత్సహించారు. పెరట్లో నాలుగు కంది మొక్కలున్నా ఇలాగే చేయొచ్చు. మందు కొట్టని చెట్టు నుంచి రాలిన పురుగులు కోళ్లకు మంచి మేత.

విషం తిన్నట్టు అనుమానం వస్తే..

* నోటి నుంచి చొంగ, నీళ్ల విరేచనాలు, తూలడం, కాళ్లు పడిపోవడం పురుగుమందు లక్షణాలు. తాజ్ తెల్లబడటం, రక్తం మరకలు ఎలుకల మందు గుర్తులు.
* ఉప్పు నీళ్లు, నూనె, పాలు బలవంతంగా తాగించొద్దు.
* మిగతా కోళ్లను వెంటనే గంపల కింద మూసేయాలి.
* మందు డబ్బా లేదా దాని ఫొటోతో పశువైద్యశాలకు వెళ్లాలి. సంచార పశువైద్య వాహనాల టోల్‌ఫ్రీ నంబర్ 1962.
* చనిపోయిన కోడిని వండొద్దు, కుక్కలకు వేయొద్దు. సున్నం వేసి లోతుగా పాతాలి.
* బతికిన కోళ్ల గుడ్లను డాక్టర్ చెప్పేదాకా తినొద్దు, అమ్మొద్దు.

ఒక్కసారిగా ఎక్కువ కోళ్లు చనిపోతే విషమనే తేల్చేయొద్దు. రాణికెట్ తెగులు గానీ, బర్డ్ ఫ్లూ గానీ కావచ్చు. వెంటనే పశుసంవర్ధక శాఖకు సమాచారం ఇవ్వాలి.

(గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. ఏ మందు వాడాలన్నా పశువైద్యుల సలహా తీసుకోవాలి.)