తోరాగ్రంథముల జీర్ణోద్ధారము

గ్రంథరక్షణ మనఁగా పత్రరక్షణమా, అక్షరరక్షణమా యను ప్రశ్నకు యూదుల యాచారము స్పష్టమగు సమాధాన మొసఁగుచున్నది.

మోషే పేర వెలసిన యైదుగ్రంథములకుఁ దోరా యని పేరు. సమాజమందిరములలోఁ బఠించుటకై దీనిని నేఁటికిని శుద్ధపశుచర్మముపై హెబ్రీలిపిలోఁ జేతితోనే వ్రాయుదురు. చర్మపుఁబలకలను పశుస్నాయువులతోఁ గుట్టి, రెండు కొయ్యలకుఁ జుట్టుదురు. ఆ కొయ్యలకు జీవవృక్షము లని వ్యవహారము. ప్రచారములో నున్న గణనచొప్పున నిందలి యక్షరములు 304,805. వానిలో నొక్కటి లోపించినను, నధికమైనను ఆ గ్రంథపుఁజుట్ట విధిపూర్వకపఠనమున కర్హము కాదు. వైదికులు శ్రుతిని గంఠస్థము చేసి రక్షించిరి. యూదలేఖకుఁ డన్ననో, గ్రంథమంతయుఁ గంఠస్థమైనను, మాతృకను జూడక యొక్కయక్షరమును వ్రాయరాదు.

వాడుకయందును నియమములు కలవు. చర్మమును వట్టిచేతితోఁ దాఁకరాదు. కావునఁ బఠించువారు కొనయందు హస్తాకారము గల పుల్లతోఁ బంక్తులను జూపుచుఁ జదువుదురు. సిరా మాచికాయలు, బంక, అన్నభేది కలిపి చేసినది. పలుమాఱు విప్పి చుట్టుటచే నది పెచ్చులుగా నూడును. తప్పు గనఁబడిన చుట్టను దిద్దక 30 దినములకు మించి యుంచుకొనరాదని తాల్ముదు శాసించుచున్నది.

దిద్దుటలోని సూక్ష్మము వైయాకరణులు గమనింపఁదగినది. సిరా చుక్క పడి యొక యక్షరము రూపము చెడినచో, అధికమైన సిరాను గీఁకి పూర్వరూపమును దెచ్చుట చెల్లదు. అక్షరము వ్రాఁతచేతనే పుట్టవలెను గాని చెక్కుటచేఁ బుట్టరాదు. దాని రూపమును జెఱిపి మరల వ్రాయవలెను. భగవన్నామమును మాత్రము చెఱుపరాదు. బాగుచేయ నలవి గాని చుట్టను మట్టిపాత్రమందుంచి, విద్వాంసుని సమాధిచెంతఁ బాఁతుట ప్రాచీనవిధి.

ఈ విధికి ఇరువదవ శతాబ్దమున నొక కఠినపరీక్ష తటస్థించెను. నాజీల యేలుబడిలో బొహీమియా, మొరావియా దేశముల యూదసమాజములు నిర్మూలింపఁబడుచుండఁగా, 1942 మొదలుకొని వారి పూజాద్రవ్యములు ప్రాగునగరమందలి యూద వస్తుప్రదర్శనశాలకుఁ జేర్పఁబడెను. యుద్ధానంతరము గ్రంథపుఁజుట్టలు మిఖ్లె యను చోటి సమాజమందిరమునఁ జెమ్మలోఁ బడియుండెను. 1964లో 1,564 చుట్టలు లండనునందలి వెస్టుమినిస్టరు సమాజమందిరమునకుఁ దేఁబడెను. డేవిడ్ బ్రాండను లేఖకుఁ డచ్చట నిరువదియేండ్లకుఁ బైగా వానిని బరిశీలించి దిద్దెను. బాగుపడినవి సంఖ్యాంకములతో నానాదేశముల సమాజములకు ఎరువుగా నీయఁబడినవి.

బాగుపడనివానిని గూడ నందఱిని భూస్థాపనము చేయలేదు. పెక్కింటిని స్మారకములుగా నిలిపిరి. ఒక్కయక్షరలోపముచే గ్రంథము పఠనార్హత్వమును గోల్పోవునేమో కాని, సాక్షిత్వమును గోల్పోదు. చదువరులే నశించిన యూళ్ల చరిత్రకు ఆ చదువరాని చర్మములే నేఁడు ప్రమాణములు.