దల్మా నుండి ఆండీస్ దాక

ఉద్యోగి జీవితమున సెలవు స్వల్పము. దానిని వెచ్చించు విధమునుబట్టి మనుష్యుని అభిరుచి తెలియును. ఈ విషయమున తెలుగువారికి ఒక పూర్వోదాహరణము కలదు. చెన్నపట్టణపు సుప్రీం కోర్టులో దుబాసీగా కొలువు చేయుచుండిన ఏనుగుల వీరాస్వామయ్య సెలవు తీసికొని 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. పదునైదు నెలలకు పైబడిన ఆ ప్రయాణమున తాను చూచిన ఊళ్ళను, దారులను, ఆచారములను ఆయన వ్రాసికొనుచు వచ్చెను. ఆ దినచర్యయే 'కాశీయాత్ర చరిత్ర' యను గ్రంథమై 1838లో అచ్చుపడెను. ఆయన వెంట పల్లకీలును, పెద్ద పరివారమును ఉండెను. నేటి యాత్రికుడో, వీపున ఒక సంచి తగిలించుకొని, గుడారమును దుప్పటిని తానే మోసికొని, తన కాళ్ళను నమ్ముకొని పోవుచున్నాడు. వాహనము మారినది, పరివారము తగ్గినది. క్రొత్తచోటు చూడవలెనను కోరిక మాత్రము అదియే.

ఇట్టి యాత్రికులు క్రిస్మస్, నూతన సంవత్సరపు సెలవులలో చేరుకొను ఊళ్ళలో దక్షిణ అమెరికాఖండమందలి మెండోజా నగరము ఒకటి. అది అర్జెంటీనా దేశమున, ఆండీస్ పర్వతముల పాదమున, సముద్రమట్టమునకు సుమారు 750 మీటర్ల ఎత్తున నున్నది. భూమధ్యరేఖకు దక్షిణమున ఋతువులు తలక్రిందులగును గదా. మనకు పుష్యమాసపు చలి పెట్టునపుడు అచట నడివేసవి. కొండదారులపై మంచు కరగి నడకకు అనుకూలమగు కాలము. కావుననే ఆ సెలవుల కాలమే అచట పర్వతారోహణ కాలము కూడ.

మెండోజా చరిత్ర నీటి కాలువల చరిత్ర యనిన తప్పులేదు. అది వానలు తక్కువైన ఎడారి ప్రాంతము. హువార్పేలను ఆదివాసులు కొండలనుండి దిగివచ్చు మంచునీటిని కాలువలు త్రవ్వి పొలములకు మరల్చిరి. 1561లో చిలీ వైపునుండి వచ్చిన స్పెయిను దేశస్థులు ఆ కాలువల ప్రక్కనే నగరమును స్థాపించిరి. 1817లో స్వాతంత్ర్య సేనాని సాన్ మార్టిన్ తన సైన్యమును ఈ ప్రాంతముననే సిద్ధపరచి, ఆండీస్‌ను దాటించి చిలీ విమోచనమునకు నడిపించెను. 1861 మార్చి 20వ తేదీ భూకంపమున ఊరు నేలమట్టమాయెను. మరల కట్టినవారు వీథులను వెడల్పు చేసి, నడుమ విశాలమైన చౌకములు విడిచిరి. భూమి కంపించిన జనులు పరుగెత్తి నిలుచుటకు చోటుండవలెనని వారి ఆలోచన. నేటికిని ఆ వీథుల ప్రక్క కాలువలు పారుచున్నవి. వాని నీటితో చెట్లు నీడ నిచ్చుచున్నవి.

ఆ నగరమునకు పశ్చిమమున అకాంకాగువా పర్వతమున్నది. సుమారు 6,960 మీటర్ల ఎత్తుగల ఆ కొండకు ఆసియా ఖండము వెలుపల సాటి లేదు. 1897 జనవరి 14వ తేదీన స్విట్జర్లాండు దేశపు మార్గదర్శి మథియాస్ జుర్‌బ్రిగ్గెన్ దాని శిఖరమును ఒంటరిగా చేరెను. అంతకు శతాబ్దములకు పూర్వమే ఇంకాల కాలపు జనులు ఆ కొండ పైభాగములకు పోయిరనుటకు నిదర్శనముగా 1985లో 5,000 మీటర్లకు పైన ఒక బాలుని దేహము చలికి చెడక లభించెను. సామాన్యపు దారిలో నిట్రముగ నిలిచిన శిలలను ప్రాకవలసిన పని లేకున్నను, పలుచని గాలియు, స్థానికులు 'తెల్లగాలి' యని పిలుచు మంచుతుపానును అచట ఎందరినో బలిగొన్నవి.

ఇంత దూరపు పర్వతముతో జంషెడ్‌పూర్‌నకేమి సంబంధమని తోచవచ్చును. సాక్చి గ్రామమున 1908లో ఉక్కు కర్మాగార నిర్మాణము మొదలైన నాటినుండి ఈ పట్టణమునకు నలుదిక్కులనుండి జనులు వచ్చిరి. శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములనుండి వచ్చిన తెలుగువారు ఇచటనే స్థిరపడిరి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము వారి ఐక్యమునకు గుర్తు. సువర్ణరేఖానదికి ఆవల, ఏనుగులు తిరుగాడు దల్మా కొండ సుమారు 3,000 అడుగుల ఎత్తున నిలిచియున్నది. ఆదివారపు సెలవున ఆ కొండ ఎక్కిదిగని కుటుంబము ఈ ఊర అరుదు.

ఆ కొండయే ఒక పాఠశాల ఆయెను. 1984 మే 23వ తేదీన భారత స్త్రీలలో మొదటిసారిగా ఎవరెస్టు నెక్కిన బచేంద్రీపాల్ టాటా ఉక్కు సంస్థలో చేరి, దాని సాహసయాత్రా సంస్థకు నాయకత్వము వహించెను. ఈ పట్టణపు గృహిణియైన ప్రేమలతా అగర్వాల్ దల్మా కొండ నడక పోటీలో పాల్గొని, ఆమె కంటబడి, ఆమె వద్ద శిక్షణ పొందెను. 2011 మే 20వ తేదీన 48వ యేట ఎవరెస్టును, 2012లో అకాంకాగువాను ఎక్కి, 2013 నాటికి ఏడు ఖండముల ఉన్నత శిఖరములను పూర్తిచేసిన తొలి భారతీయ వనిత యాయెను. ఇంటిపనులు చక్కబెట్టుకొనుచు, పిల్లలను పెంచిన పిదప ఈ విద్య ఆరంభించిన ఆమె కథ మన కుటుంబములవారు తెలిసికొనదగినది.

తెలుగువారికి ఇంకను ఆప్తుడైన పర్వతారోహకుడొకడు ఈ ఊర విద్యార్థిగా నుండెను. ఆయనయే మల్లి మస్తాన్ బాబు. నెల్లూరు జిల్లా సంగం మండలములోని గాంధీజనసంఘం గ్రామమున 1974 సెప్టెంబరు 3వ తేదీన సామాన్య గిరిజన కుటుంబమున ఆయన జన్మించెను. విజయనగరము చెంత కోరుకొండ సైనిక పాఠశాలలో చదువుకొనెను. ఆ పాఠశాల పూర్వవిద్యార్థి లెఫ్టినెంటు ఎం. ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టు యాత్రలో ప్రాణములు విడిచెను. ఆ వీరుని స్మృతియే బాలుడైన మస్తాన్ బాబు మనస్సున కొండలపై ప్రేమ నాటినది. 1992లో ఆయన ఆదిత్యపూర్‌లోని ప్రాంతీయ సాంకేతిక విద్యాసంస్థలో చేరి 1996లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టము పొందెను. పిదప ఖరగ్‌పూర్‌లోను, కలకత్తాలోను ఉన్నత విద్య ముగించెను. అట్టివానికి పెద్ద జీతము, సుఖజీవనము కరతలామలకములు. ఆయన ఆ మార్గమును విడిచి కొండలను వరించెను.

2006వ సంవత్సరమున ఆయన చేసిన కార్యము ఏడు ఖండముల ఆరోహణము. జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్, ఫిబ్రవరి 17న అకాంకాగువా, మార్చి 15న ఆఫ్రికాలోని కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలోని కొషియస్కో, మే 21న ఎవరెస్టు, జూన్ 13న ఐరోపాలోని ఎల్‌బ్రస్, జూలై 10న అలాస్కాలోని డెనాలి. మొదటి శిఖరమునుండి చివరి శిఖరమునకు 172 దినములు! ఆనాటికి అది రికార్డు. తరువాత ఇతరులు ఆ కాలమును ఇంకను తగ్గించిరి. ఏడు శిఖరములును ఏడు వేర్వేరు వారములలో ఎక్కుట మరియొక విశేషము. ఇందలి క్రమమును గమనించిన ఆయన వివేకము తెలియును. దక్షిణార్ధగోళమున వేసవి యుండగానే విన్సన్‌ను, అకాంకాగువాను ముగించి, ఎవరెస్టునకు తగిన మే నెలకు హిమాలయములను, వేసవికి అలాస్కాను చేరెను. కాళ్ళ బలము కంటె కాలజ్ఞానము మిన్నయని ఆ యాత్ర చాటినది.

అయినను ఆండీస్ పర్వతములే ఆయనను తమ ఒడిని దాచుకొన్నవి. 2015 మార్చి 24వ తేదీన, అర్జెంటీనా చిలీ దేశముల సరిహద్దున 6,748 మీటర్ల ఎత్తుగల ట్రెస్ క్రూసెస్ సూర్ శిఖరము వైపు ఒంటరిగా పోయిన ఆయన మరల కానరాలేదు. అచట వేసవి ముగిసి శరత్తు ప్రవేశించిన సమయమది. సరిగా ఆ దినములలోనే గొప్ప తుపాను ఆ ప్రాంతమున విరుచుకొనిపడెను. వాన యెరుగని అటకామా ఎడారిలో సైతము వరదలు వచ్చి కోపియాపో లోయను ముంచివేసెను. మిత్రుల ఆందోళనతో ఇరుదేశములలో గాలింపు జరిగెను. ఏప్రిల్ మొదటి వారమున ఆయన దేహము కనబడెను. సముద్రములు దాటి స్వగ్రామము చేరిన ఆ దేహమునకు ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగెను. అప్పటికి ఆయన వయస్సు నలుబది యేండ్లు.

ఇంతటి విద్యావంతుడు ప్రాణములొడ్డి కొండలెక్కుట ఎందులకని పెద్దలు ప్రశ్నింతురు. ప్రశ్న అకారణము కాదు. కన్నతల్లి దుఃఖమునకు కీర్తి పరిహారము కానేరదు. కాని ఆ భయముతో పిల్లలను గడప దాటనీయకుండుటయు ధర్మము కాదు. పర్వతారోహణము మొండితనము కాదు, అదియొక శాస్త్రము. మూడువేల మీటర్లు దాటిన పిదప పడక చేయు ఎత్తును దినదినమును కొంచెముగనే పెంచవలయును. పగలు పైకి బరువు చేర్చి, రాత్రి క్రిందికి వచ్చి నిద్రించుట మేలు. తలనొప్పి, వాంతి, తడబాటు ముదిరిన వెంటనే దిగిపోవలయును. తోడు లేక పోరాదు. ఆకాశము మారిన శిఖరము చేరువలో నున్నను మరలిరావలయును. ఎక్కుటకు ధైర్యము చాలును. దిగుటకు వివేకము కావలయును.

ఈ శాస్త్రము నేర్చిన తెలుగు బాలలు దాని ఫలమును చూపిరి. అవిభక్త ఆంధ్రప్రదేశ్ చివరి దినములలో, 2014 మే 25వ తేదీన, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ పదునాలుగేండ్లు నిండకమునుపే, ఖమ్మము జిల్లా బాలుడు సాధనపల్లి ఆనందకుమార్‌తో కూడ, ఎవరెస్టు నెక్కెను. సంక్షేమ గురుకులములలో చదివిన ఆ పేదపిల్లలు మొదట భువనగిరి రాతికొండపై సాధన చేసిరి. పూర్ణ 2019లో అకాంకాగువాను, 2022లో ఏడు ఖండముల శిఖరములను ముగించెను.

భువనగిరి కొండయైనను, దల్మా కొండయైనను ఆండీస్‌కు తొలిమెట్టు కాగలదు. ఆదిత్యపూర్ విద్యార్థి నడిచిన దారిని మన బిడ్డలు శ్రద్ధతో, శిక్షణతో, తోడుతో నడుచుటయు, క్షేమముగా ఇల్లు చేరుటయు ఆయనకు తగిన స్మారకము.